ఫలానా వారి భార్య: ఓటరు జాబితాలో సొంత పేరుకు పట్టిన 34 ఏళ్లు

స్వతంత్ర భారతంలో మొదటి సాధారణ ఎన్నికల (1951-52) కోసం ఓటర్ల జాబితాలు రాయడానికి ఇల్లిల్లూ తిరిగిన గుమస్తాలకు ఉత్తరాదిలో ఒక చిక్కు ఎదురైంది. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు అడిగితే బయటికి రావు. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదని వాళ్ల పట్టింపు. ‘ఫలానా ఆయన భార్య’, ‘ఫలానా వారి కూతురు’ అన్న జవాబే వచ్చేది. గుమస్తాలు కూడా అలాగే రాసుకుపోయారు. తీరా లెక్క చూస్తే ఇలాంటి పద్దులు లక్షల్లో తేలాయి. సుకుమార్ సేన్ నడిపిన ఎన్నికల సంఘం దీనికి ఒప్పుకోలేదు. సొంత పేరు ఇస్తేనే జాబితాలో ఉంచుతామంది. దేశం మొత్తం మీద మహిళా ఓటర్లు దాదాపు 8 కోట్లు ఉంటే, అందులో సుమారు 28 లక్షల మంది ఈ ఒక్క కారణంతో జాబితా నుంచి పోయారు. ఎక్కువ మంది బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ వాళ్లు.

మన వైపు పట్టింపు ఇంకో రకం. మన అమ్మమ్మలు మొగుడి పేరు నోటితో పలికేవాళ్లు కారు, ‘మా ఆయన’, ‘పిల్లల నాన్న’ అని సరిపెట్టేవాళ్లు. సొంత పేరు చెప్పుకోవడానికి మాత్రం అంత అడ్డు ఉండేది కాదు. అయినా ఆ 28 లక్షల పద్దులు ఉత్తరాది ఆచారం గురించి మాత్రమే చెప్పే కథ కాదు. అంతకు ముందు 30 ఏళ్లకు పైగా మన దేశంలో స్త్రీల ఓటు మీద జరిగిన గొడవంతా తిరిగి తిరిగి ఆ ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చేది: ఆడమనిషి ఎవరి పేరు మీద ఓటు వేయాలి?

ఇక్కడి ఆడవాళ్లకు ఓటు అడక్కుండానే దొరికిందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండులో కిటికీల అద్దాలు పగలగొట్టారు, జైళ్లలో తిండి మానేశారు. మనకేమో రాజ్యాంగం రాసేటప్పుడు ఒక్క అధికరణంతో వచ్చేసింది అంటారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. మన దగ్గర ఆ అడగడం 1917లోనే మొదలైంది. అది మొదలైన తీరు కొంచెం నవ్వు తెప్పిస్తుంది కూడా.

మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ 1915లో భర్తతో కలిసి ఇక్కడికి వచ్చింది. ఓటు కోసం పోరాడి లండన్‌లోనూ ఐర్లండులోనూ జైలుకు వెళ్లొచ్చిన మనిషి. కాపురం పెట్టింది మదనపల్లెలో, దివ్యజ్ఞాన సమాజం వాళ్ల కాలేజీ ఉన్న ఊళ్లో. రవీంద్రుడి ‘జనగణమన’కు బాణీని రాతలో పెట్టడంలో ఆమె చెయ్యి ఉందని మనవాళ్లకు తెలుసు, ఈ ఓటు పోరాటం సంగతి అంతగా తెలియదు. మదనపల్లెలోనే అబలా అభివర్ధినీ సమాజం అని ఒకటి నడిచింది. లండన్ జైలు చూసొచ్చిన మనిషి ‘అబలల’ సంఘంలో పనిచేయడం విడ్డూరమే కానీ, ఊళ్లో ఆడవాళ్లు గడప దాటి వచ్చి కూర్చోవాలంటే ఆ రోజుల్లో అలాంటి మెత్తటి పేరే పనికొచ్చేది. తర్వాత 1917 మే నెలలో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనీబిసెంట్ అధ్యక్షురాలు. కజిన్స్, డొరతీ జినరాజదాస పని నడిపించేవాళ్లు. ఆ సంఘం పత్రిక ‘స్త్రీధర్మ’లో ఇంగ్లీషుతో పాటు తెలుగు, తమిళ పేజీలు కూడా ఉండేవి.

ఆ ఏడాది చివర్లో బ్రిటన్ నుంచి భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగ్యూ వచ్చాడు. రాజకీయ సంస్కరణలు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ఊరూరా మహజర్లు తీసుకుంటున్నాడు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతాం, టైం ఇవ్వండి అని కజిన్స్ అడిగింది. రాజకీయ విషయాలైతేనే వింటాం, మిగతావి కుదరవు అని జవాబు వచ్చింది. రాజకీయమే కావాలా, అయితే ఓటే అడుగుదాం అని మహజరు తిరగరాశారు. ఓటు కోసం మన దేశంలో స్త్రీలు చేసిన మొదటి పెద్ద ప్రయత్నానికి దారి తీసింది ఇలా ఒక ఆఫీసు నిబంధన.

1917 డిసెంబరులో మద్రాసులో సరోజినీ నాయుడు ముందుండి ఆ బృందాన్ని మాంటేగ్యూ, వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌ల దగ్గరికి తీసుకెళ్లింది. మహజరులో అసలు పాయింటు ఒక్కటే: కొత్త సంస్కరణల్లో ‘ప్రజలు’ అన్న మాట ఎక్కడ వచ్చినా అందులో ఆడవాళ్లు కూడా ఉన్నారని రాయండి. చదువు, వైద్య కాలేజీలు కూడా అడిగారు. మాంటేగ్యూ ఆ రాత్రి డైరీలో సరోజిని తెలివితేటలను మెచ్చుకుని, లోపల మాత్రం ఈవిడ విప్లవకారిణి అని రాసుకున్నాడు. తర్వాత ఏడాది మాంటేగ్యూ-చెమ్స్‌ఫర్డ్ నివేదిక వచ్చింది. అందులో స్త్రీల ఓటు ఊసే లేదు.

1918లో బొంబాయి ప్రత్యేక కాంగ్రెసులో సరోజిని ఈ తీర్మానం తెచ్చినప్పుడు వాడిన వాదన గమనించాలి. ఓటు మనిషి హక్కు, అది ఒక్క మగవాళ్ల సొత్తు కాదు అన్నది. అదే నోటితో, స్త్రీ పురుషుల ఆదర్శాలు వేరు, ఓటు వచ్చినంత మాత్రాన ఆడది తన ధర్మం వదలదు అని సభకు భరోసా కూడా ఇచ్చింది. ఇవాళ చదివితే రెండోది చేదుగా అనిపిస్తుంది. కానీ ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆమెకు బాగా తెలుసు. ఇంటాయనను ఒప్పించి పొలిమేర దాటే కోడలి నేర్పు అందులో కనిపిస్తుంది. తీర్మానం నెగ్గింది.

ఓటు ఎవరెవరికి ఇవ్వాలో తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ దగ్గర మాత్రం ఆ నేర్పు పారలేదు. దేశంలో పరదా ఉంది, ఆచారాలు గట్టివి, ఇంకా సమయం రాలేదు అని కమిటీ తేల్చేసింది. అప్పుడు కథ లండన్‌కు మారింది. 1919లో పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు చెప్పుకోవడానికి సరోజిని, అనీబిసెంట్ వెళ్లారు. బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిథన్ కూడా వెళ్లారు.

ఈ తల్లీకూతుళ్లను ఓటు దారి పట్టించింది ఒక బ్యాడ్జి. 1911లో కాశ్మీరుకు సెలవులకు వెళ్లినప్పుడు అక్కడ సోఫియా దులీప్‌సింగ్‌ను కలిశారు. పంజాబును పోగొట్టుకున్న మహారాజా దులీప్‌సింగ్ కూతురామె, విక్టోరియా రాణి ధర్మపుత్రిక కూడా. ఆమె బట్టల మీద ‘ఓట్స్ ఫర్ విమెన్’ అని చిన్న బ్యాడ్జి ఉంది. అదేమిటని అడగడంతో మాట మొదలైంది. సోఫియా లండన్‌లో ఊరికే బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగే రకం కాదు. 1910 నవంబరులో పోలీసులు ఆడవాళ్లను చితకబాదిన రోజున ఓటు ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌తో పాటు పార్లమెంటుకు నడిచిన బృందంలో ఉంది. ఓటు లేకపోతే పన్ను కూడా లేదని కట్టడం మానేసింది. అధికారులు నగ జప్తు చేసి వేలం వేస్తే స్నేహితులే కొని తిరిగి ఇచ్చేశారు. 1911 జనాభా లెక్కల ఫారం మీద ఆమె రాసిన జవాబు ఇది: ఆడవాళ్లు లెక్కలోకి రారు కాబట్టి, లెక్క రాయించుకోవడానికి వాళ్లు ఒప్పుకోరు. లండన్‌లో ఆమె పేరు రాయించుకోనంది నిరసనగా. 40 ఏళ్ల తర్వాత బీహారులో పేరు చెప్పని ఇల్లాలిని ఆపింది అలవాటు. గుమస్తా పుస్తకంలో మాత్రం రెండూ ఒకే రకం ఖాళీ.

లండన్‌లో ఇంత తిరిగాక వచ్చింది ఏమిటి? తేల్చకుండా పక్కవాడి మీదికి నెట్టడం. స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర శాసనమండలే తీర్మానం చేసుకోవచ్చని 1919 చట్టం వదిలేసింది. ‘మీ మగవాళ్లు ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం’ అన్నట్టు. అదే ఒకందుకు మంచిదైంది. జస్టిస్ పార్టీ చేతిలో ఉన్న మద్రాసు శాసనమండలి 1921 ఏప్రిల్‌లో అడ్డు తీసేసింది, బ్రిటిష్ రాష్ట్రాల్లో అదే మొదటిది. కొన్ని నెలల్లో బొంబాయి అదే దారి పట్టింది. తర్వాత ఒక్కొక్కటే కదిలాయి: 1923లో సంయుక్త రాష్ట్రాలు (తర్వాతి ఉత్తరప్రదేశ్), 1925లో బెంగాల్, 1926లో పంజాబ్. బెంగాల్ మండలిలో 1921లో మొదటిసారి పెట్టినప్పుడు తీర్మానం ఓడిపోయింది. సొంతంగా ఆస్తి ఉండి ఓటుకు అర్హులయ్యేది కులస్త్రీలు కాదు వేశ్యలే, వాళ్లకా ఓటు అని అక్కడ కొందరు సభ్యులు గొంతు చించుకున్నారు.

ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు 1944లో వచ్చింది, మనకు 1921లోనే వచ్చింది అని గొప్పగా చెప్పుకోవడం కూడా వింటుంటాం. తేదీ వరకు నిజమే. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే, కాబట్టి తెలుగు ఆడవాళ్లు ఆ మొదటి వరసలో ఉన్నారు. కానీ ఆ ఓటు ఎవరికి వచ్చిందో చూస్తే గొప్ప కాస్త తగ్గుతుంది.

1919 చట్టం కింద ఓటు మనిషికి కాదు, ఆస్తికి. ఊళ్లో అయితే శిస్తు, పట్నంలో అయితే ఇంటి పన్ను, ఆదాయ పన్ను లాంటివి. మగవాళ్లలోనే కొద్దిమందికి దక్కేది. ఇక ఆడవాళ్ల సంగతి అర్థం కావాలంటే ఒక రైతువారీ ఊళ్లో కరణం గారి లెక్కల పుస్తకం తెరిచినట్టు ఊహించుకోండి. పట్టాదారు గడిలో ఇంటి యజమాని పేరు ఉంటుంది. ఉమ్మడి కుటుంబమైతే తండ్రి పేరో పెద్దన్న పేరో. పదెకరాల కామందు భార్య, ఇంటిల్లిపాదినీ పాలేర్లనీ నడిపే మనిషి, ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. ఆమెకు ఓటు లేదు. ఆడపేరు కనిపించేది ఎక్కడెక్కడ? పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరమో రెండెకరాలో ఆమె పేరనే పట్టా అయిన చోట. లేదా మగపిల్లలు లేకుండా, వాటాలు పంచుకున్నాక భర్త పోతే, బతికినంత కాలం అనుభవించమని భూమి భార్య పేరు మీదికి మారిన చోట. ఇంకా దేవుడి సేవకు మాన్యం పొందిన దేవదాసీల ఇళ్లలో.

అంటే శుభకార్యంలో ముందుకు రావద్దని పక్కన కూర్చోబెట్టే వితంతువుకు ఓటు రావచ్చు, నిండు ముత్తయిదువకు రాదు. బెంగాల్ మండలిలో ఆ సభ్యులు నోరు పారేసుకున్నది అందుకే. తమ ఇళ్లలో ఆడవాళ్లకు సొంత ఆస్తి లేదన్న సంగతిని వాళ్లే సభలో ఒప్పుకున్నట్టయింది. మొత్తం వయోజన స్త్రీలలో ఈ లెక్కన ఓటు దక్కింది ఒక శాతానికి అటూ ఇటూ. ఆడ మగ తేడా అనే అడ్డు తీసేశాం అన్న తీర్మానం అబద్ధం కాదు. దాని వెనక ఇంకో గోడ ఉంది, అది ఆస్తి చట్టం కట్టిన గోడ. హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం 1937లో గానీ రాలేదు.

ఓటు వేయొచ్చు కానీ నిలబడకూడదు అన్న మరో తమాషా 1926 దాకా నడిచింది. ఆ అడ్డు పోగానే మంగళూరు వైపు నుంచి మద్రాసు మండలికి కమలాదేవి చటోపాధ్యాయ పోటీ చేసింది. కజిన్సే పట్టుబట్టి నిలబెట్టింది. ప్రచారానికి పెద్దగా టైం లేకపోయినా స్వల్ప తేడాతోనే ఓడింది. మరుసటి ఏడాది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి నామినేషన్ మీద అదే మండలిలోకి వచ్చి, ఉపాధ్యక్షురాలిగా ఎన్నికైంది. దేవదాసీల మాన్యాలను గుడి సేవ నుంచి విడదీసి, భూమిని వాళ్లకే ఉంచే చట్టాన్ని ఆమె 1929లో సాధించింది. ఓటు ఆస్తి వెంట నడిచే రోజుల్లో భూమి మీద హక్కు స్థిరపడటం చిన్న విషయం కాదు. గాంధీ అరెస్టుకు నిరసనగా 1930లో ఆమె రాజీనామా చేసింది.

1930ల్లో గొడవ ఇంకో మలుపు తిరిగింది, నా లెక్కలో ఇదే అసలు ఘట్టం. ఓటర్లలో సుమారు 20 మంది మగవాళ్లకు ఒక్క ఆడమనిషి ఉందని, అది బాగాలేదని బ్రిటిష్ ప్రభుత్వమే అనడం మొదలుపెట్టింది. ఓటు అర్హతల మీద 1932లో దేశం తిరిగిన లోథియన్ కమిటీ ఒక ఉపాయం చెప్పింది. ఆస్తి వల్ల ఓటున్న మగవాడి భార్యకు కూడా ఓటు ఇద్దాం అని. చదవడం రాయడం వచ్చిన స్త్రీకి కూడా ఇద్దామంది కానీ, 1921 జనాభా లెక్కల్లో అలాంటివాళ్లు నూటికి ఇద్దరే. సంఖ్య పెరగాలంటే భార్యల దారే గతి. ఇది వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. 1918లో బ్రిటన్ తన ఆడవాళ్లకు మొదటిసారి ఓటు ఇచ్చినప్పుడు కూడా 30 ఏళ్లు దాటి, ఇంటి యజమానికి భార్యయినా కావాలి, లేదా తానే యజమాని కావాలి లాంటి షరతులే పెట్టింది. మగవాళ్లతో సమానంగా ఇచ్చింది 1928లో.

మన స్త్రీల సంఘాలు ఇక్కడ రెండుగా చీలాయి. మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన రాధాబాయి సుబ్బరాయన్, బేగం జహనారా షానవాజ్ లాంటివాళ్లు ముందు దొరికింది తీసుకుందాం, మిగతాది తర్వాత అడుగుదాం అన్నారు. బ్రిటిష్ ఎంపీ ఎలినార్ రాత్‌బోన్ కూడా ఇదే చెప్పింది. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్, 1927లో పుట్టిన అఖిల భారత మహిళా సభ ససేమిరా అన్నాయి. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఇవ్వండి, లేకపోతే మానండి. మొగుడి ఆస్తి చూసి ఇచ్చే ఓటు మాకొద్దు, రిజర్వు సీట్లూ వద్దు అన్నారు. 1931లో కరాచీ కాంగ్రెసు వయోజన ఓటు తీర్మానం చేసి ఉండటం వాళ్లకు బలం.

ఎవరు రైటు? పైకి చూస్తే మొదటివాళ్లది లోకజ్ఞానం, రెండోవాళ్లది మొండితనం. కానీ రెండోవాళ్లు పసిగట్టిన సంగతి ఒకటుంది. భార్య హోదాలో వచ్చే ఓటు ఆమెది కాదు. భర్త దివాలా తీస్తే పోతుంది, వదిలేస్తే పోతుంది, పెళ్లి కాని పంతులమ్మ దాకా రాదు. పైగా మొగుడి ఓటుకే రెండో కాపీ అవుతుందని, ఆస్తిపరుల ఇంట రెండేసి ఓట్లు, కూలివాడి ఇంట సున్నా అవుతుందని వాళ్ల అనుమానం. అది ఉత్త అనుమానం కాదు, లెక్కకు నిలిచేదే. అయితే ఏమీ వద్దని కూర్చుంటే పోలింగు కేంద్రం మెట్లు ఎక్కిన ఆడవాళ్లు ఇంకో పదిహేనేళ్లు వేళ్ల మీదే ఉండేవాళ్లన్నది కూడా అంతే నిజం.

చివరికి 1935 చట్టం భార్యల దారినే పట్టింది. కొన్ని రాష్ట్రాల్లో అలా వచ్చే ఓటు కోసం ఆమె దరఖాస్తు కూడా పెట్టుకోవాలి, దానంతట అది రాదు. మొత్తం మీద 60 లక్షల మందికి పైగా స్త్రీలు ఓటర్లయ్యారు. రాష్ట్ర అసెంబ్లీల్లో వాళ్లకు 41 సీట్లు ప్రత్యేకించారు. వద్దన్న సంఘాల వాళ్లూ 1937లో పోటీకి దిగారు, గెలిచారు కూడా. మద్రాసులో రుక్మిణీ లక్ష్మీపతి అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్ అయింది.

ఇదంతా బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న తెలుగు జిల్లాల మాట. నిజాం రాజ్యంలో ఈ కథ నడవనే లేదు. సరోజినీ నాయుడు పుట్టిందీ కాపురం చేసిందీ హైదరాబాదులో. మద్రాసు వెళ్లి ఓటు అడిగింది, బొంబాయి వెళ్లి తీర్మానం పెట్టింది, లండన్ వెళ్లి సాక్ష్యం చెప్పింది. తన ఊళ్లో ఆడవాళ్లకు కాదు కదా, మామూలు మగవాళ్లకు కూడా ఇలాంటి ఓటు లేదు. ఆంధ్ర ఆడపడుచు పసుపు కుంకుమల పట్టాతో ఓటేసిన కాలంలో కృష్ణకు ఇవతల నల్లగొండ ఇల్లాలికి ఓటు అంటే ఏమిటో చూసే అవకాశమే రాలేదు.

రాజ్యాంగ సభలో 15 మంది స్త్రీలు కూర్చున్నారు, మన దుర్గాబాయమ్మ వాళ్లలో ఒకరు. 325వ అధికరణం మతం, జాతి, కులం, లింగం పేరుతో ఎవరినీ ఓటర్ల జాబితా నుంచి తప్పించకూడదంది. 326వది అప్పటి లెక్కన 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, పౌరురాలికీ ఓటు అంది. పట్టా అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, మొగుడు అక్కర్లేదు. పేరు చాలు. ఆ పేరు దగ్గరే మళ్లీ 28 లక్షల మంది ఆగిపోయారు.

ఎన్నికల సంఘం కఠినంగా పోయిందని అప్పట్లో కొందరు అన్నారు. పాపం వాళ్ల తప్పేముంది, ఈసారికి పోనివ్వొచ్చు కదా అని. కానీ ‘ఫలానా వారి భార్య’ అని ఉంచితే 1935 నాటి ఓటే మళ్లీ వెనక గుమ్మంలోంచి వచ్చినట్టు. వేలి మీద సిరా గుర్తు పెట్టే ముందు ఏ మనిషో గుర్తుపట్టడానికి కూడా పేరు కావాలి. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే, దాని ధర మాత్రం ఆ ఆడవాళ్లే కట్టారు.

సరోజిని ఆ ఎన్నికలు చూడలేదు. 1949 మార్చిలో, సంయుక్త రాష్ట్రాల గవర్నరుగా ఉండగా లక్నోలో పోయింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేశారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, పాతబస్తీ షాలిబండ నుంచి మాసూమా బేగం ఆ అసెంబ్లీకి గెలిచారు.

ఓటరు జాబితాలో పేరు కింద సంబంధీకుల పేరుకు ఒక గడి ఇవాళ్టికీ ఉంది. మన ఇళ్లలోని ఓటరు స్లిప్పులు తీసి చూస్తే, పెళ్లయిన మగవాడి పేరు కింద ఎక్కువగా తండ్రి పేరు, పెళ్లయిన ఆడమనిషి పేరు కింద ఎక్కువగా భర్త పేరు కనిపిస్తాయి. అలాగే ఉండాలని నిబంధనేమీ లేదు. పుట్టింటి ఊళ్లో ఓటున్న అమ్మాయి అత్తవారింటికి వచ్చాక ఫారం 8 నింపుతుంది, చిరునామా మారుతుంది, దాంతో పాటే చాలాసార్లు ఆ గడిలో పేరూ మారిపోతుంది. అబ్బాయికి ఆ ఫారంతో పని పడదు.